దెబ్బ మీద యూవీ లైటు వేస్తే సెప్టిక్ కాకుండా ఉంటుందా?

ప్రశ్న: అక్కా, మాది హాలియా దగ్గర ఒక పల్లె. మా ఆయన బత్తాయి తోట చూసుకుంటాడు, నేను ఇంటి ముందర కిరాణా కొట్టు నడుపుతాను. పోయిన నెల హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు ఆన్‌లైన్‌లో ఒక యూవీ లైటు తెప్పించి ఇచ్చాడు. చేతిలో పట్టుకునే కర్రలాగా ఉంటుంది, ఫోన్ చార్జర్‌తోనే చార్జ్ అవుతుంది. డబ్బా మీద 99.9 శాతం క్రిములు చస్తాయని రాసి ఉంది. మా బాబుకు ఏడేళ్లు, మోకాళ్లు చెక్కుకోని రోజు లేదు. మా ఆయనకు తోటలో ముళ్లు గుచ్చుకుంటూనే ఉంటాయి. దెబ్బ తగిలినచోట ఈ లైటు రెండు నిమిషాలు పెడితే సెప్టిక్ కాకుండా ఉంటుందా? మా నీళ్ల ఫిల్టరులో ఉన్నది కూడా యూవీయే కదా, నీళ్లలో క్రిములు చచ్చినప్పుడు పుండులో ఎందుకు చావవు? మా అత్తమ్మకు షుగర్ ఉంది, మడమలు పగిలాయి. ఆమె కాళ్లకు కూడా వెయ్యొచ్చా? ఇప్పటికి రెండుసార్లు బాబు మోకాలికి వేశాను. చీకట్లో వేస్తే ఊదా రంగులో వెలిగింది, వాడి తెల్ల బనియన్ తళతళ మెరిసింది. అంటే పనిచేస్తున్నట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

జవాబు: చెల్లెమ్మా, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. ఆ లైటు బాబు మోకాలికీ వద్దు, మీ ఆయన చేతులకూ వద్దు. అత్తమ్మ కాళ్ల దగ్గరికి అసలే తీసుకెళ్లొద్దు. రెండుసార్లు వేశానని కంగారు పడకండి. ఆ మర్నాడు బాబు మోకాలి చుట్టూ చర్మం కమిలినట్టు ఎర్రబడటం, కళ్లు మండటం లాంటివి ఏమీ లేకపోతే వాడికి కీడు జరగలేదనే అనుకోవచ్చు. మేలు కూడా జరగలేదు.

నా భయం వేరే ఉంది. లైటు వేశాం కదా, ఇంక కడగకపోయినా ఏం కాదులే అని ఆ రెండుసార్లూ మోకాలిని కడగకుండా వదిలేశారేమో అని. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానల్లో నర్సుగా చేశాను. అందులో ఎక్కువ కాలం డ్రెస్సింగ్ గదిలోనే గడిచింది. చీము పట్టి నా ముందుకు వచ్చిన చిన్న దెబ్బల్లో చాలావాటి కథ ఒకటే. దెబ్బ తగిలిన రోజు దాని మీద ఏదో ఒకటి వేశారు, కడగడం మాత్రం జరగలేదు. కాఫీ పొడి, సున్నం, బీడీ పొగాకు, కిరసనాయిలు, గడ్డి చామంతి పసరు, ఇంట్లో ఏది చేతికి అందితే అది. వాళ్లెవరూ నిర్లక్ష్యం చేసినవాళ్లు కాదు. అందరూ తమ పిల్లల మీద ప్రేమతోనే వేశారు, మీలాగే. ఆ వరుసలో ఈ లైటు చేరకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

బనియన్ మెరిసిందన్నారు కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను. మీకు కొట్టుంది కాబట్టి ఇలాంటి లైటును మీరు ముందే చూసి ఉంటారు. దొంగనోటేమో అని అనుమానం వస్తే ఐదొందల నోటును ఊదా రంగు లైటు కింద పెట్టి చూస్తారు, అప్పుడు నోటు మీది నంబర్లు, కాగితంలోని సన్నటి పోగులు మెరుస్తాయి. బాబు బనియన్ మెరిసింది కూడా అలాగే. బట్టలు ఇంకా తెల్లగా కనిపించాలని సబ్బు పొడిలో కలిపే కొన్ని పదార్థాలు ఆ కిరణాలు పడగానే నీలంగా వెలుగుతాయి. నోటు మెరిసినంత మాత్రాన నోటు మీది క్రిములు చచ్చాయని మనం అనుకోం కదా. మోకాలి దగ్గర కూడా ఆ మెరుపును చూసి ఏమీ తేల్చలేం.

యూవీ అంటే అతినీలలోహిత కిరణాలు. మన కంటికి కనిపించే ఊదా రంగుకు అవతల ఉంటాయి. నానోమీటరు అనేది కిరణం అల పొడవుకు కొలత, దాన్నిబట్టి వాటిని మూడు రకాలుగా చెబుతారు: 315 నుంచి 400 నానోమీటర్ల వరకు ఎ, 280 నుంచి 315 వరకు బి, 100 నుంచి 280 వరకు సి. నంబరు తగ్గేకొద్దీ కిరణానికి శక్తి ఎక్కువ. క్రిములను గట్టిగా దెబ్బ తీసేది సి రకం. పుండులో చీము పట్టించే ప్రతి క్రిమిలోనూ డీఎన్ఏ అనే పోగు ఉంటుంది, ఆ క్రిమి ఎలా బతకాలో, తనలాంటి ఇంకో క్రిమిని ఎలా పుట్టించాలో అంతా అందులోనే ఉంటుంది. 260 నానోమీటర్ల చుట్టుపక్కల కిరణాలను ఈ పోగు బాగా పీల్చుకుంటుంది. పీల్చుకోగానే పోగులో పక్కపక్కన ఉన్న ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలా అతుక్కున్న పోగుకు నకలు తీసుకోలేక క్రిమి పెరగడం ఆగిపోతుంది.

మీ ఫిల్టరులోని బల్బు సాధారణంగా 254 నానోమీటర్లది, అందుకే పనిచేస్తుంది. చేతిలో పట్టుకునే చవక లైట్లలో చాలావాటికి 395 దగ్గర వెలిగే ఎల్ఈడీలు పెడతారు. సి రకం ఎల్ఈడీలు ఖరీదు, అందుకని. చీకట్లో అంతా ఊదాగా వెలిగిందంటే మీ చేతిలో ఉన్నది చాలావరకు ఈ చవక రకమే అయ్యుంటుంది. రెండు నిమిషాల్లో పుండులోని క్రిములను అది ఏమీ చెయ్యలేదు. అయితే కొన్ని అసలైన సి రకం లైట్లకు కూడా, వెలిగినట్టు తెలియడానికి నీలం, ఊదా వెలుతురు కలుపుతారు. అందుకని రంగు చూసి ధైర్యంగా వాడెయ్యొద్దు. కళ్లు పెట్టి చూసో, చేతి మీద వేసుకునో పరీక్ష చెయ్యొద్దు.

ఒకవేళ అది నిజంగానే సి రకం అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నేను పనిచేసిన ఒక దవాఖానలో ఆపరేషన్ థియేటర్ గోడలకు యూవీ ట్యూబులు ఉండేవి. ఆపరేషన్లన్నీ అయిపోయాక గది కడిగి, బల్లలు తుడిచి, అందరం బయటికి వచ్చి తలుపు మూసి, అప్పుడు బయట ఉన్న స్విచ్ వేసేవాళ్లం. లోపల మనిషి ఉండగా వెయ్యకూడదని మాకు మొదటి రోజే చెప్పారు. ఒక రాత్రి ట్యూబులు వెలుగుతున్న సంగతి పట్టించుకోక ఒక వార్డు బాయ్ లోపలికి వెళ్లి, అరగంట సామాన్లు సర్దుకున్నాడు. అప్పుడేమీ అనిపించలేదు. తెల్లవారుజామున లేచేసరికి రెండు కళ్లలో ఇసుక పోసినట్టు మంట, ధారగా నీళ్లు. వెలుతురు వైపు చూడలేకపోయాడు. ముఖం, మెడ ఎర్రగా కమిలాయి. రెండు రోజులు ఇంట్లో చీకటి చేసుకుని పడుకుంటే తగ్గింది. వెల్డింగ్ చేసేవాళ్లకు రాత్రిపూట వచ్చే కళ్ల మంట కూడా ఇదే. కిరణం తగిలిన వెంటనే తెలియదు, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతుంది. అందుకే ఆ మంటకు కారణం లైటని చాలామందికి తట్టదు. మీ ఇంట్లో ఎవరికైనా అలా అయితే మెడికల్ షాపులో తిమ్మిరి చుక్కలు కొనుక్కొచ్చి వెయ్యొద్దు. నొప్పి తెలియకుండా చేసే ఆ చుక్కలు పదేపదే వేస్తే కంటి నల్లగుడ్డు మానడం ఆగిపోతుంది. కంటి డాక్టరుకు చూపించండి.

ఎండలో ఉండేవాళ్లం, మాకు యూవీ కొత్తా అని మీ ఆయన అనొచ్చు. ఎండలో వచ్చే సి రకం కిరణాలను పైనున్న గాలి పొరలు, ముఖ్యంగా ఓజోన్ పొర, పూర్తిగా ఆపేస్తాయి. నేల మీద బతికే మన చర్మానికి ఆ కిరణం అలవాటు లేదు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం 254 నానోమీటర్ల కిరణం కంటికి, చర్మానికి ఎనిమిది గంటల్లో చదరపు సెంటీమీటరుకు 6 మిల్లీజౌళ్లు (కిరణం మోతాదుకు కొలత) దాటకూడదు. తాగునీటిని శుద్ధి చేసే మంచి యూవీ యంత్రాలకు పెట్టుకునే లెక్క అదే కొలతలో 40. నీటికి సరిపడా వేస్తే అది మనిషికి హద్దు దాటినట్టే. కరోనా రోజుల్లో ఈ దీపాలను చేతులకు, ఒంటికి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2022లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చేతిలో పట్టుకునే యూవీ కర్రల గురించే హెచ్చరిక ఇచ్చింది. వాటిలో కొన్ని వాడిన కొన్ని సెకన్లలోనే చర్మానికి, కంటికి గాయం చేసేంత కిరణాలు వదులుతున్నాయని అందులో ఉంది. అంటే ఒక రకం ఏమీ చెయ్యదు, ఇంకో రకం కాలుస్తుంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో డబ్బా చూసి చెప్పలేం.

ఇప్పుడు మీ ఫిల్టరు ప్రశ్న. చాలా మంచి ప్రశ్న అడిగారు. నీళ్లలో చచ్చే క్రిమి పుండులో ఎందుకు చావదు?

ఈసారి ఫిల్టరు బాగుచేసే అబ్బాయి వచ్చినప్పుడు మూత తీయించి చూడండి. నీళ్లు నేరుగా యూవీ బల్బు దగ్గరికి రావు. ముందు మట్టిని, మడ్డిని ఆపే దూది గొట్టం, తర్వాత బొగ్గు గొట్టం, ఆ తర్వాత పొర. ఇవన్నీ దాటి తేటపడిన నీళ్లే చివర్లో బల్బు ఉన్న మూసిన గొట్టంలోకి వెళ్తాయి. బల్బును ఆనుకుని పల్చగా పారతాయి కాబట్టి ప్రతి చుక్కకూ కిరణం తగులుతుంది. నీళ్లు కాస్త మురికిగా ఉన్నా ఆ పని సరిగ్గా జరగదు, ఎందుకంటే మురికి రేణువు వెనకాల క్రిమి దాక్కుంటుంది. యూవీ కిరణం చూపులాంటిది. ఎదురుగా ఉన్నదాన్నే తాకుతుంది, మూల తిరగదు.

బాబు మోకాలిని తలుచుకోండి. బడి ముందు కంకర రోడ్డు మీద పడ్డాడు. చర్మం లేచిపోయింది, చిన్న చిన్న గుంటలు పడ్డాయి, వాటిలో ఎర్రమట్టి, ఇసుక, చిట్లిన చర్మం, పైన రక్తం. సి రకం కిరణం చర్మంలోకి వెంట్రుక మందం కూడా సరిగ్గా దిగలేదు. రక్తం పొర దాన్ని మింగేస్తుంది. ఇసుక రేణువు కింద ఉన్న క్రిమికి అది నీడ. చీము ఉంటే ఇంక చెప్పేదే లేదు. డబ్బా మీది 99.9 శాతం అబద్ధమే అవ్వాలని లేదు, ల్యాబ్‌లో నున్నటి పలక మీద, కొలిచిన దూరంలో, కొలిచినంత సేపు పెడితే వచ్చి ఉండొచ్చు. మోకాలు నున్నటి పలక కాదు, మన చెయ్యి కదలకుండా ఉండదు, దూరం పెరిగేకొద్దీ వెలుతురు బలం తగ్గిపోతుంది. పైగా అన్నీ బాగా జరిగి పైపై క్రిములు చచ్చాయే అనుకోండి, మట్టి అక్కడే ఉంటుంది. చచ్చిన చర్మం అక్కడే ఉంటుంది. మర్నాటికి కొత్త క్రిములు పెరగడానికి అవే చాలు. నీళ్లకు ఉన్న గొప్పతనం అక్కడే. నీళ్లు క్రిమిని చంపనక్కర్లేదు, అది కూర్చున్న మట్టితో సహా కొట్టుకుపోతే మన పని అయిపోయినట్టే.

ఇదే మాటల్లో ఒక విషయం, మీది నల్లగొండ కాబట్టి. ఫిల్టరులో యూవీ ఉంది కాబట్టి ఫ్లోరైడ్ కూడా పోతుందని కొందరు నాతో అన్నారు. పోదు. ఫిల్టరులో యూవీ పని క్రిములను దెబ్బ తీయడం, ఫ్లోరైడ్ ఒక లవణం. మరిగించినా పోదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను దింపే పద్ధతిని ప్రపంచమంతా మన జిల్లా పేరుతోనే పిలుస్తుంది, ఆ పని వేరు. బోరు నీళ్లే తాగుతుంటే పరీక్ష చేయించండి.

ఎవరైనా మీతో 222 నానోమీటర్ల కొత్త లైటు వచ్చింది, అది చర్మానికి ఏమీ చెయ్యదు అంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ కిరణం చర్మం పైన ఉండే చచ్చిన కణాల పొరలోనే ఆగిపోతుంది కాబట్టి భద్రం అని వాదన. గాయం అంటేనే ఆ పొర లేచిపోయిన చోటు కదా. గదుల్లో గాలి కోసం దాని మీద పరిశోధనలు జరుగుతున్నాయి, అది పెద్దవాళ్లు తేల్చాల్సిన సంగతి. అలాగే వెలుతురుతో వైద్యమే లేదని నేను అనడం లేదు. చర్మానికి వచ్చే క్షయను వెలుతురుతో నయం చేసినందుకు నీల్స్ ఫిన్సెన్ అనే డాక్టరుకు 1903లో నోబెల్ వచ్చింది. బొల్లికి, సొరియాసిస్‌కు ఇప్పుడు కూడా దవాఖానలో 311 నానోమీటర్ల దగ్గరి బి రకం కిరణాలు ఇస్తారు. మానని పాత పుండ్ల మీద కొలిచిన మోతాదులో సి రకం వాడి చూసిన చిన్న అధ్యయనాలు కూడా ఉన్నాయి. అన్నిచోట్లా మోతాదు లెక్క కట్టేవాళ్లు ఉంటారు, కళ్లకు కాపు ఉంటుంది. పుట్టిన బిడ్డకు కామెర్లు వస్తే పెట్టే లైటు మాత్రం యూవీ కానే కాదు, అది నీలి వెలుతురు.

సరే, మరి ఏం చెయ్యాలి. బాబు పడి వచ్చాడు. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి, పది నిమిషాలు. మధ్యలో ఆగిందా లేదా అని ఎత్తి చూడొద్దు, ఎత్తిన ప్రతిసారీ మళ్లీ మొదటికి వస్తుంది. ఆగాక కుళాయి కింద పెట్టండి. తాగడానికి పనికొచ్చే నీళ్లయితే చాలు. గాయాలు కడగడానికి మంచి కుళాయి నీళ్లు సెలైన్‌కు తీసిపోవని పరిశోధనలు చూపించాయి. బావి, కాలువ, గోలెంలో రోజుల తరబడి నిలవున్న నీళ్లు వద్దు. కరెంటు పోయి కుళాయి రాకపోతే ఒక పని చెయ్యండి. నీళ్ల సీసా మూతకు సూదితో నాలుగైదు చిల్లులు పొడిచి, సీసాను నొక్కండి. సన్నటి ధార గట్టిగా వస్తుంది, ఇసుక రేణువులు దాంతోనే ఊడిపోతాయి. మగ్గుతో మెల్లగా పోస్తే ఊడవు. ఐదు నిమిషాలకు తగ్గకుండా కడగండి. చుట్టూ చర్మానికి సబ్బు రాయండి, లోపలికి కాస్త నురగ వెళ్లినా ఏం కాదు, మండుతుంది అంతే. బాబు ఏడుస్తాడు. ఏడవనివ్వండి, ఒళ్లో కూర్చోబెట్టుకుని కడగండి. ఇంకా నల్లగా ఇసుక కనిపిస్తుంటే శుభ్రమైన తడి గుడ్డతో తుడవండి. సూదితో తవ్వొద్దు. అప్పటికీ రాకపోతే దవాఖానకు తీసుకెళ్లండి. లోపల ఉండిపోయిన మట్టి మచ్చలాగా నిలిచిపోతుంది కూడా.

డెటాల్ లాంటివి నీళ్లు కలపకుండా పొయ్యడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ చూసి సంతోషించడం మానెయ్యండి. అవి క్రిములతో పాటు మానడానికి వచ్చే మన కణాలను కూడా కాలుస్తాయి. కడగడం బాగా జరిగితే పోవిడోన్ అయోడిన్ కూడా తప్పనిసరి కాదు, రాస్తే ఒకసారి పల్చగా రాయండి. పసుపు గురించి అడుగుతారని తెలుసు. మనం తినే పసుపు మీద నాకు గౌరవమే. కానీ డబ్బాలోని పసుపు పొడి శుభ్రం చేసింది కాదు, పుండులో వేస్తే గట్టిగా పెచ్చు కట్టి కింద చీము దాగుతుంది. ఆ పెచ్చును నానబెట్టి తీసే పని నాది కాబట్టి నాకు బాగా తెలుసు.

తర్వాత వాజిలిన్ పల్చగా రాసి, శుభ్రమైన గుడ్డో బ్యాండేజో కప్పండి. గాలి తగిలితేనే మానుతుంది అని మన పెద్దలు అనేవాళ్లు, మేము కూడా మొదట్లో అలాగే నేర్చుకున్నాం. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చేసిన ప్రయోగంలో, ఎండబెట్టిన గాయం కంటే కప్పి తడి ఆరకుండా ఉంచిన గాయం మీద దాదాపు రెండింతల వేగంగా కొత్త చర్మం వచ్చింది. రోజుకోసారి విప్పి, కడిగి, మళ్లీ కప్పండి. తడిసినా, మురికైనా వెంటనే మార్చండి.

మీ ఆయన ముళ్ల సంగతి కాస్త వేరు. బత్తాయి చెట్టుకు ఎండుపుల్లలు, నీరుకొమ్మలు కత్తిరించేటప్పుడు గుచ్చుకునే ముల్లు పైకి చుక్కంత కనిపిస్తుంది, లోపల అంగుళం దాకా దిగుతుంది. రంధ్రం పైన మూసుకుపోతుంది. ఏ లైటూ అక్కడికి చేరదు, నీళ్లు కూడా సరిగ్గా చేరవు. ధనుర్వాతం క్రిమికి సరిగ్గా అలాంటి గాలి ఆడని చోటే కావాలి. అది మట్టిలో, పశువుల పేడలో గట్టి పెంకు కట్టుకున్న విత్తనంలాగా ఏళ్ల తరబడి ఉంటుంది, యూవీని కూడా మామూలు క్రిముల కంటే బాగా తట్టుకుంటుంది. దాని నుంచి కాపాడేది టీకా ఒక్కటే. చిన్నప్పటి టీకాలన్నీ పూర్తయి ఉంటే, శుభ్రమైన చిన్న దెబ్బకు చివరి ఇంజక్షన్ వేయించుకుని పదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. మట్టి, పేడ తగిలిన దెబ్బకు, లోతుగా దిగిన ముల్లుకు ఐదేళ్లు దాటితే చాలు. ఎప్పుడు వేయించుకున్నాడో గుర్తే లేకపోతే ఈసారి ముల్లు దిగేదాకా ఆగకుండా వెళ్లి వేయించుకొమ్మనండి. మనం టీటీ అంటాం, ఇప్పుడు సర్కారు దవాఖానల్లో ఇచ్చేది టీడీ. ధనుర్వాతంతో పాటు కంఠసర్పికి కూడా అదే పనిచేస్తుంది.

ముల్లు కొన పైకి కనిపిస్తుంటే చేతులు, పట్టకారు శుభ్రంగా కడుక్కుని, ముల్లు దిగిన దారిలోనే వెనక్కి లాగాలి. విరిగి లోపల ఉండిపోతే పిన్నీసుతో పొడవొద్దు. వేలి కణుపు దగ్గరో, మోకాలి దగ్గరో గుచ్చుకున్న ముల్లు వారాల తర్వాత ఆ కీలు వాచేలా చేస్తుంది, అప్పటికి ముల్లు సంగతి ఎవరికీ గుర్తుండదు. డాక్టరుకు మీరే గుర్తు చెయ్యండి. ఎక్స్‌రేలో చెట్టు ముల్లు సాధారణంగా కనిపించదు, స్కానింగ్‌లో దొరుకుతుంది. తోట దగ్గర ఒక సబ్బు ముక్క, చిల్లుల మూత సీసా పెట్టండి. కత్తిరింపుల రోజుల్లో తోలు గ్లౌజులు వేసుకొమ్మనండి. లైటు కొన్న డబ్బుతో రెండు జతలు వచ్చేవి.

కుక్క, పిల్లి, కోతి కరిచినా, గీరినా అది చిన్న దెబ్బ కాదు. పదిహేను నిమిషాలు సబ్బు, పారే నీళ్లు, ఆ రోజే దవాఖాన, రేబీస్ టీకా. సర్కారు దవాఖానలో ఉచితం. అక్కడ లైటు పట్టుకుని గంట ఆలస్యం చేసినా నేను క్షమించను. చిన్న గాయమే అయినా చుట్టూ ఎరుపు పాకుతుంటే, పోటు పెరుగుతుంటే, చీము, వాసన, జ్వరం, గాయం నుంచి పైకి ఎర్ర గీత కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. నోరు తెరుచుకున్న గాయానికి కుట్లు పడాలంటే ఆ రోజే వెళ్లాలి.

అత్తమ్మ గురించి రాసేటప్పుడు నాకు మనసు బరువుగా ఉంది, ఎందుకంటే షుగర్ ఉన్నవాళ్ల కాళ్లు ఎలా చేజారిపోతాయో చాలాసార్లు చూశాను. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. మేకు దిగినా తెలియదు. లైటు వేడికి, కిరణానికి కమిలినా ఆమె నోటి నుంచి అబ్బా అనే మాట రాదు. అందుకే ఆ కాళ్ల మీద లైటు వద్దు, బాగా వేడి నీళ్లూ వద్దు, బ్లేడుతో మడమలు గీకడం అసలే వద్దు. రోజూ రాత్రి పడుకునే ముందు మీరో, బాబో ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని అడుగు భాగం, వేళ్ల సందులు చూడండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, మడమలకు వాజిలిన్ రాయండి, సందుల్లో రాయొద్దు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వెయ్యనివ్వండి. పగుళ్లలో రక్తం, తడి, నల్లబడటం ఏది కనిపించినా అది మీరు ఇంట్లో చూసుకునేది కాదు. ఆ రోజే పల్లె దవాఖానలో చూపించండి, వాళ్లు రాసిస్తే నల్లగొండ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పి లేదు కదా, రేపు చూద్దాం అని ఆమె అంటుంది. నొప్పి లేకపోవడమే అక్కడ ప్రమాదం, ఆమె మాట వినకండి.

తమ్ముడి మీద కోప్పడొద్దు. అక్క ఇంటికి పనికొస్తుందని తెచ్చాడు. లైటును బాబు చేతికి అందకుండా పైన పెట్టండి, వాడు టార్చిలాగా కళ్లలోకి వేసుకుంటాడు. నోట్లు చూడటానికి దీన్నే వాడొచ్చు కదా అనిపిస్తుంది, అది ఏ రకమో తెలియదు కాబట్టి అదీ వద్దు. నోట్లకు విడిగా అమ్మే చిన్న లైటు తీసుకోండి.

బాబు టీకా కార్డు బీరువాలోంచి తీయండి. ఏడాదిన్నర దగ్గర ఒక డీపీటీ బూస్టర్ (ధనుర్వాతం టీకా కూడా ఇందులోనే ఉంటుంది), ఐదు ఆరేళ్ల దగ్గర ఇంకొకటి పడి ఉండాలి. రెండో గడి ఖాళీగా ఉంటే బుధవారం గానీ శనివారం గానీ టీకాల రోజున ఏఎన్ఎం అమ్మాయి వచ్చినప్పుడు కార్డు చూపించి, వయసు దాటింది ఏం చెయ్యాలి అని అడగండి. అదే రోజు మీ ఆయనను కూడా వెంట తీసుకెళ్లండి.